యార్డు గేటు ముందు సీరియల్

యలమందకి టీవీ సీరియల్ అంటే గిట్టేది కాదు. సాయంత్రం మల్లేశ్వరి టీవీ పెట్టిందంటే చాలు, మంచం ఎత్తుకెళ్లి వాకిట్లో వాల్చుకునేవాడు. "ఏడ్చేదొకత్తె, ఏడిపించేదొకత్తె. మధ్యలో మనకెందుకు ఆ గోల" అనేవాడు. నలభై ఏళ్లు దాటేదాకా అదే మాట మీద ఉన్నాడు. అలాంటి మనిషి ఒక మిర్చి సీజన్ మొత్తం ఒకే సీరియల్ చూశాడు. దానివల్ల ఇంట్లో గొడవ కూడా తెచ్చుకున్నాడు.

వాళ్లది వినుకొండ దగ్గర మెట్ట ఊరు. మొదట్లో పొలం కౌలుకి తీసుకుని పత్తి వేసేవాడు. గులాబీ పురుగు వరసగా కాయని తొలిచేయడంతో విసిగిపోయి సేద్యం మానేశాడు. చిన్న ట్రక్కు ఒకటి కొనుక్కుని, చుట్టుపక్కల కల్లాల్లో ఎండిన మిరపకాయల్ని గుంటూరు యార్డుకి తోలడం మొదలుపెట్టాడు. మల్లేశ్వరి కూలి ముఠాతో మిరపకోతకి పోతుంది. వాళ్లకి ఒక్కతే కూతురు, శరణ్య. ఒంగోల్లో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

శివరాత్రి దాటాక యార్డుకి సరుకు పోటెత్తుతుంది. లోపల టిక్కీలు పెట్టడానికి చోటుండదు. మిర్చి బస్తాని అక్కడ టిక్కీ అంటారు. లోపలి టిక్కీలు కదిలేదాకా బయట రోడ్డు మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. ఒక్కోసారి రోజంతా, ఒక్కోసారి నాలుగైదు రోజులు. బండి వదిలి పోవడానికి లేదు, నిద్రపోవడానికీ లేదు. ముందు బండి కదిలితే మన బండి కదలాలి. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు వచ్చి ముక్కులో పడుతుంది. కండువా మూతికి చుట్టుకుని, టీ తాగుతూ, తుమ్ముతూ కూచోవడమే పని.

ఆ క్యూలోనే యలమందకి అమానుల్లా పరిచయమయ్యాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మార్కాపురం వైపు నుంచి లారీలో సరుకు తెస్తాడు. ఇల్లు పాత గుంటూరులోనే. నడిచి పోగలిగినంత దూరంలో ఇల్లు పెట్టుకుని, బండి వదల్లేక రోడ్డు మీద పడుకునేవాడు.

ఒక సాయంత్రం అమానుల్లా లారీ బానెట్ మీద ఫోను నిలబెట్టి ఏదో చూస్తున్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు చేరారు. యలమంద కూడా టీ గ్లాసు పట్టుకుని పోయి తొంగిచూశాడు. తెరమీద ఒకావిడ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. ముందు గదిలో ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఆవిడ తరుగుతూనే ఉంది. ఆయన చదువుతూనే ఉన్నాడు. గోడ మీద గడియారం ఒకసారి చూపించారు. మళ్లీ బెండకాయలు.

"ఇదేంది భాయ్, ఫోను ఆగిపోయిందా?" అన్నాడు యలమంద.

"ఆగలేదయ్యా. కథే అంత" అన్నాడు అమానుల్లా.

ఆ సీరియల్ పేరు 'రెండు కంచాలు'. వసుధ, మాధవ్ అని ఒక జంట. ఆమె స్కూల్లో టీచరు, ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. అందులో అత్త విషం పెట్టదు, సవతి రాదు, ఎవరూ మెట్ల మీంచి పడరు. పెళ్లయి చాలా ఏళ్లయిన ఇద్దరు ఒక ఇంట్లో ఎలా ఉంటారో అంతే చూపిస్తారు. కాఫీ పెడతారు, బట్టలు ఆరేస్తారు, ఒకళ్లు మాట్లాడబోయి ఆగిపోతారు. అక్కడితో ఆ రోజుకి అయిపోతుంది.

"నిన్న కూడా బెండకాయలే" అన్నాడొక డ్రైవరు. "వచ్చేవారానికి పొయ్యి మీద పడతయ్యి."

అందరూ నవ్వారు. యలమంద కూడా నవ్వాడు. కానీ మర్నాడు అదే సమయానికి వచ్చి, "ఏం భాయ్, కూర ఉడికిందా?" అని ఎగతాళిగా అడుగుతూ ఫోను ముందు నిలబడ్డాడు. ఆ మర్నాడు ఎగతాళి లేకుండానే వచ్చాడు. క్యూ కదలదు, కథా కదలదు. రెండూ బాగానే కుదిరాయి.

దారి మీద ఉన్నన్ని రోజులూ సాయంత్రం అతను ఇంటికి ఫోన్ చేయడం మామూలే. ఆ ఫోన్లో ఏళ్ల తరబడి అవే మాటలు.

"తిన్నావా?"

"తిన్నా. నువ్వు?"

"తిన్నా."

"బండి కదిలిందా?"

"లేదు."

"సరే."

"ఉంటా."

వాళ్లు పోట్లాడుకునే మొగుడూ పెళ్లాలు కాదు. యలమంద తాగడు, చెయ్యెత్తడు. మల్లేశ్వరి వేళకి అన్నం పెడుతుంది, నీళ్లు కాస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. ఇంట్లో గొడవలు లేవని యలమంద నలుగురితో గర్వంగా చెప్పుకునేవాడు కూడా.

ఒకరోజు అలా ఫోన్లో "ఉంటా" అనబోయి, "ఆ మాధవ్ గాడు చూడు, ఆవిడ జ్వరంతో పడుకుంటే మాత్ర తెచ్చి బల్ల మీద పెట్టి ఎళ్లిపోయాడు. చేతికియ్యొచ్చుగా" అన్నాడు.

అవతల మల్లేశ్వరి, "ఏ మాధవ్?" అంది.

"అదేలే. రెండు కంచాలు."

"నువ్వు చూశావా?" అంది. "నువ్వు? సీరియలా?" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆమె కూడా మొదటినుంచీ అదే చూస్తోందని అప్పుడు తెలిసింది. "ఆవిడ మాత్రం తక్కువ తిందా? మాత్ర చూసి కూడా ఏసుకోలేదుగా. చేతికిస్తేనే ఏసుకోవాలని పంతం" అంది.

"అది మాత్రం నిజమే."

ఆ రోజు వాళ్లు మాట్లాడుకుంది అంతా వసుధ జ్వరం గురించే. ఫోను పెట్టేశాక యలమంద, తిన్నావా అని అడగడం మర్చిపోయానని గుర్తు తెచ్చుకున్నాడు.

అక్కడినుంచి రోజూ అదే. అతను ఊళ్లో ఉన్న రోజుల్లో మంచం వాకిట్లోకి తీసుకెళ్లడం మానేసి గడప దగ్గర వాల్చుకున్నాడు. మల్లేశ్వరి గమనించింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమె వెంట కోతకి వచ్చేవాళ్లే. వాళ్లు మాత్రం ఆ సీరియల్ చూడలేకపోయారు. "అదేం సీరియలే మల్లేశ్వరీ, కొంగు సర్దుకోడానికి ఒక రోజు పడద్ది" అని వేరే ఛానల్ పెట్టుకున్నారు. దాంతో కథ గురించి మాట్లాడటానికి ఆమెకి మొగుడు తప్ప ఎవరూ లేకుండా పోయారు.

మార్చి నెల మధ్యలో కథలో ఒక విషయం జరిగింది. మాధవ్‌కి ప్రమోషన్ మీద వేరే ఊరికి బదిలీ వచ్చింది. ఆయన ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాడు. ఆఫీసులో స్వీట్లు పంచాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. వసుధకి ఆ సంగతి కూరగాయల బండి దగ్గర పక్కింటావిడ చెప్పింది. వసుధ ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. వంట చేసింది, ఆయనకి వడ్డించింది, తన కంచం తీసుకుని వంటింట్లోకి పోయి ఒక్కతే తిన్నది. ఆ రోజు మొత్తం చూపించింది అంతే.

లారీ దగ్గర డ్రైవర్లు రెండు వర్గాలయ్యారు.

"ప్రమోషన్ వచ్చిందంటే మొహం వెలగాల్సింది పోయి ఆ ముంగితనం ఏంది?" అన్నాడొకడు.

"అది కాదన్నా, కట్టుకున్నదానికి చెప్పకుండా స్వీట్లు పంచడమేంది?" అన్నాడు ఇంకొకడు.

యలమంద మాధవ్ వైపు నిలబడ్డాడు. "ఎవరికోసం పోతన్నాడు? ఇంటి కోసమేగా. ఆయనేమన్నా కులాసాకి పోతన్నాడా?" అని గట్టిగానే వాదించాడు. అమానుల్లా ఏ పక్కా మాట్లాడలేదు.

అదే మాట యలమంద ఫోన్లో మల్లేశ్వరితో కూడా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఇంటి కోసమే అయితే ఇంట్లో చెప్పాలిగా."

"చెప్తే వద్దంటది."

"అంటే అననియ్. ఆవిడకి నోరుందిగా. వద్దనే హక్కు కూడా లేదా?"

"వద్దన్నాక పోతే గొడవ. చెప్పకుండా పోతే గొడవే లేదు."

"గొడవ లేదని నువ్వనుకుంటన్నావు" అంది మల్లేశ్వరి. గొంతు మారింది. "సరే, ఆ మాధవ్ సంగతి వదిలెయ్. మన గేదె పోయిన సంగతి నాకెవరు చెప్పారో నువ్వు ఎప్పుడన్నా అడిగావా?"

యలమందకి వెంటనే అర్థం కాలేదు. "గేదా? ఎప్పటి గేదె?" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసింది.

గేదె సంగతి ఇది. పత్తి మానేసి ట్రక్కు కొనేటప్పుడు అడ్వాన్సు కట్టాల్సి వచ్చింది. అప్పుడు మల్లేశ్వరి తల్లికి బాగాలేక పుట్టింటికి పోయి ఉంది. ఇంట్లో ఉన్న గేదెని, దూడప్పటినుంచీ ఆమె పెంచిన గేదెని, యలమంద అమ్మేశాడు. ఆమె తిరిగొచ్చాక ఖాళీ కొట్టం చూసింది. "అమ్మక తప్పలా" అన్నాడు. "సరే" అంది. ఆ ఒక్క మాటతో ఆ సంగతి ముగిసిందని అతను ఇన్నేళ్లుగా అనుకున్నాడు. బండి వచ్చింది, దాని మీదే కూతురు చదువుతోంది. తప్పు చేశానని అతనికి ఒక్కసారి కూడా అనిపించలేదు.

మర్నాడు ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. ఆ తర్వాతి రోజూ ఎత్తలేదు. భయపడి కూతురికి చేశాడు. "అమ్మ బానే ఉంది నాన్నా, పొద్దునే మాట్లాడింది. ఏమైంది?" అంది శరణ్య. ఏమీ లేదన్నాడు. ఏమైందని చెప్తాడు? సీరియల్ దగ్గర మాటామాటా వచ్చిందని కూతురికి ఎలా చెప్తాడు?

ఆ రెండు సాయంత్రాలూ అతను లారీ దగ్గరికి పోలేదు. తన బండిలోనే, టార్పాలిన్ మీద వెల్లకిలా పడుకున్నాడు. మూడో సాయంత్రం అమానుల్లానే టీ తెచ్చాడు.

"కథ మానేశావేంది?"

యలమంద కాసేపు అటూ ఇటూ చెప్పి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అమానుల్లా విని, "నేనసలు ఆ సీరియల్ ఎందుకు చూస్తానో తెలుసా నీకు?" అన్నాడు. "మా రహమతున్నీసా చూస్తది. నేను ఇంటికి పోయేది నెలకి నాలుగు సార్లు. పోతే ఆమెకీ నాకూ మాట్లాడుకోడానికేం ఉంటది? టైర్ల గురించి చెప్పనా? పిల్లలు ఎవరి గొడవ వాళ్లది. అందుకని చూస్తా. ఆమె ఏదన్నా అంటే జవాబు చెప్పగలగాలి కదా."

"నేనూ అట్టాగే జవాబు చెప్పాను భాయ్. అదే కొంప ముంచింది."

అమానుల్లా నవ్వాడు. "ఆమె నిన్ను గేదె ఎందుకమ్మావని అడగలేదుగా. ఎవరు చెప్పారో అడిగావా అంది. ఇంటికి పోయి అడుగు. నోరు తెరిచి అడగడానికి లైసెన్సు కావాలా?"

మర్నాడు పొద్దున గేటు తీశారు. సరుకు దించి, యలమంద ఎక్కడా ఆగకుండా ఊరికి పోయాడు. మధ్యాహ్నం ఎండలో ఇల్లు చేరేసరికి మల్లేశ్వరి కోత నుంచి అప్పుడే వచ్చి, అరుగు మీద కూచుని, మంట పుడుతున్న చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని ఉంది. అతన్ని చూసి, "అన్నం ఉట్టి మీదుంది. చేతులు మండుతున్నయ్, నువ్వే పెట్టుకో" అంది.

అతను అన్నం దగ్గరికి పోలేదు. వచ్చి అరుగు కింద మెట్టు మీద కూచున్నాడు.

"గేదె పోయిన సంగతి ఎవరు చెప్పారు నీకు?"

ఆమె తలెత్తలేదు. గిన్నెలో వేళ్లు కదిపింది.

"బస్సు దిగానా" అంది. "మా అమ్మ తవుడు మూటగట్టి ఇచ్చింది. గేదె ఈనబోతందని. అది నెత్తిన పెట్టుకుని వస్తన్నా. హోటలు దగ్గర మీ మేనత్త కూచోనుంది. ఆ తవుడెవరికే మల్లేశ్వరీ అంది. మా గేదెకి అన్నా. ఆమె, ఆమె పక్కనున్నోళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నీకు చెప్పలేదా మీ ఆయన, అమ్మి వారమైందిగా అంది. హోటల్లో మగాళ్లు కూడా ఉన్నారు. అంతమందిలో ఆ మూట నెత్తిన పెట్టుకుని నిలబడ్డా."

యలమంద ఆ తవుడు మూట ఎప్పుడూ చూడలేదు.

"మరి ఆ మూట ఏం చేశావు?"

"అక్కడే పెట్టి వచ్చా. ఎవరు తీసుకున్నారో నాకేం తెలుసు."

"నాతో అనొచ్చుగా ఆ రోజు."

"ఏమని అనాలి? అమ్మేశావుగా. అంటే వెనక్కొస్తదా?" అంది. గొంతులో ఏడుపు లేదు, కోపం మాత్రం ఇంకా ఉంది. "నేను వద్దనేదాన్ని కాదయ్యా. బండి కావాలని నాకు తెలవదా? ఊరందరి తర్వాత తెలిసింది నాకు. అదీ నా బాధ."

వద్దంటుందనే భయంతో చెప్పలేదని ఇన్నాళ్లూ తనకి తను చెప్పుకున్నాడు. నిజానికి అప్పుడు ఆమెని అడగాలన్న ఆలోచనే రాలేదని ఇప్పుడు తెలిసింది. "చెప్పాల్సింది" అన్నాడు.

"ఊఁ" అంది మల్లేశ్వరి. "పో, అన్నం చల్లారిపోయుంటది" అంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే సీరియల్ చూశారు. వసుధ ఇంకా వంటింట్లోనే తింటోంది. మాధవ్ వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాడు. "ఒక అడుగు లోపలికెయ్యరా నాయనా" అన్నాడు యలమంద టీవీతో. మల్లేశ్వరి అతని వైపు చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగింది.

దాంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పడానికి లేదు. ఏప్రిల్లో సీజన్ తగ్గుముఖం పట్టాక, వేటపాలెంలో జీడిపప్పు సరుకు తోలే పని ఒకటి తగిలింది. వానలు పడేదాకా అక్కడే ఉండాలి. మాట్లాడటానికి వచ్చిన బ్రోకరు అప్పటికప్పుడే ఔననో కాదనో తేల్చమన్నాడు. యలమంద నోటిదాకా ఔనని వచ్చింది. ఆగి, "ఇంట్లో అడిగి చెప్తా" అన్నాడు. బ్రోకరు ఎగాదిగా చూసి నవ్వాడు.

మల్లేశ్వరి అంతా విని, "వద్దు" అంది.

అతను ఆ జవాబు ఊహించలేదు. అడిగితే సరేనంటుందని, తన పెద్దరికమూ నిలుస్తుందని అనుకున్నాడు. "ఎందుకు? మంచి పని" అన్నాడు.

"మంచిదే. ఎండాకాలమంతా ఒక్కదాన్నే ఈ ఇంట్లో ఉండలేను. పోయినేడు ఉన్నా. ఇంక నావల్ల కాదు."

అంత సూటిగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు. యలమంద బ్రోకరుకి రానని చెప్పాడు గానీ, వారం రోజులు ధుమధుమలాడుతూ తిరిగాడు. అడగడం అంటే ఒప్పించుకోవడం అనుకున్నాడు, కాదని తెలిసి కష్టంగా అనిపించింది. దగ్గర ఊళ్లలో ఇటుకలు, పశువుల మేత తోలుకుంటూ వేసవి నెట్టుకొచ్చాడు. మధ్యలో ఒక ఆదివారం ఇద్దరూ ఒంగోలు పోయి శరణ్యని చూసొచ్చారు. హాస్టల్ గేటు దగ్గర మల్లేశ్వరి బాధ్యతగా కూతురికి కూడా సీరియల్ కథ ఎంతవరకు వచ్చిందో చెప్పింది. "అదింకా నడుస్తోందా?" అంది శరణ్య.

ఎంతో కాలం నడవలేదు. జూన్ మొదటివారంలో ఉన్నట్టుండి ఆపేశారు. చూసేవాళ్లు తక్కువయ్యారని అమానుల్లా ఫోన్లో చెప్పాడు. చివరి రోజు ఒకే ఎపిసోడ్లో అన్నీ అయిపోయాయి. మాధవ్ బదిలీ రద్దు చేయించుకున్నాడు, వసుధ కంచం ముందు గదిలోకి వచ్చింది, చుట్టాలందరూ ఎక్కడినుంచో వచ్చారు, పాట పెట్టారు, అందరూ గంతులేశారు.

మల్లేశ్వరి లేచి టీవీ ఆపేసింది. "ఇదేంది? కంచం తీసుకుని గది దాటడానికి ఇన్నాళ్లు పట్టినోళ్లు, ఒక్క రోజులో పాటలు పాడుకుంటారా? ఎవర్ని మోసం చేద్దామని?" అంది. నిజంగానే కోపం వచ్చింది ఆమెకి. యలమందకి కూడా వచ్చింది. రహమతున్నీసా ఆ రోజు అన్నం తినలేదని అమానుల్లా తర్వాత చెప్పాడు.

ఇక ఫోన్లో మాట్లాడుకోడానికి ఏముంటుందా అని యలమంద అనుకున్నాడు. వానలు పడ్డాక ఎరువుల లోడుకి మళ్లీ గుంటూరు పోయిన రోజు, సాయంత్రం అలవాటుగా ఫోన్ చేశాడు.

"తిన్నావా?" అన్నాడు.

"తింటాలే. ముందు ఇది విను. ఇయ్యాళ మా ముఠా మేస్త్రమ్మతో పెట్టుకున్నా" అంది మల్లేశ్వరి. "పత్తి విత్తనాలు పెట్టించుకుని మంచినీళ్లు కూడా దూరంగా పెట్టింది. నేనూరుకుంటానా..."

యలమంద బండి తలుపు వేసుకుని సీట్లో వెనక్కి వాలాడు.

"ఏమన్నావు ఆమెని?" అన్నాడు.